వంటింట్లోంచి విన్న ఫైనల్

మా ఆయన జనాజా లేచిన రోజే మా వదిన ముందుగదిలో టీవీ మీద దుప్పటి కప్పింది. వదినంటే ఆయనకు సొంత అక్క, నాకు ఆడబిడ్డ. మొగుడు పోయిన ఆడది పాటించే ఇద్దత్ పూర్తయ్యేదాకా, అంటే నాలుగు నెలల పది రోజులు, నేను గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదటికి రాకూడదు, గాజులూ పూలూ ఉండవు. టీవీ చూడకూడదని ఎక్కడైనా రాసి ఉందో లేదో నాకు తెలియదు. నాకు సంతకం చేయడం వచ్చు, అంతకు మించి అక్షరం రాదు. వదిన కూడదంది, నేను సరేనన్నాను. అప్పట్లో నాకు టీవీతో పనేముంది?

పని పడుతుందని అప్పుడు తెలియలేదు.

మా ఆయన మిరపకాయల లారీ తోలేవాడు. వెల్దుర్తి, గురజాల వైపు కళ్ళాల్లో బస్తాలు ఎత్తుకుని కేరళ దాకా పోయేవాడు. ఆ ఘాటు ఏళ్ళ తరబడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయాయి. నరసరావుపేటలో మా సందు మలుపు తిరగకముందే ఆయన దగ్గు వినబడేది. లారీ స్టాండులో దిగి నడిచొస్తున్నాడని వీధి వీధంతా దాన్నిబట్టే తెలుసుకునేది. ఇంట్లో కూడా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. మంచినీళ్ళు కావాలంటే దగ్గేవాడు, అన్నం పెట్టమంటే దగ్గేవాడు, ఊరికే వచ్చి పక్కన కూర్చోమన్నా దగ్గేవాడు. ఏ దగ్గు ఎందుకో నాకు తెలిసిపోయేది.

పోయిన తర్వాత కూడా ఆ దగ్గు పోలేదు. రాత్రి వంటింటి పక్కన చాప మీద పడుకుని ఉంటానా, ముందుగదిలోంచి వినబడేది. నిద్రమత్తులో లేచి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని పోయేదాన్ని. ఆయన మంచం మీద వదిన పడుకుని ఉండేది. ఇద్దత్ అయ్యేదాకా నాకు తోడుగా ఉండాలని వచ్చిందామె. చిన్నప్పటి నుంచీ కూలికి పోయి మిరపకాయల తొడిమలు తీసిన మనిషి కాబట్టి ఆమెకూ అదే దగ్గు, అచ్చం తమ్ముడి దగ్గు.

"దగ్గింది నేనేనే. పోయి పడుకో" అనేది.

కొన్ని రాత్రులు మాత్రం గ్లాసు చూసి లేచి కూర్చునేది. "నేను దగ్గలేదే" అనేది. 

ఇప్పుడు ఫుట్‌బాల్ సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

మా పల్నాడులో ఎవరినడిగినా క్రికెట్టే. సందులో బ్యాటు పట్టుకోని పిల్లవాడు ఉండడు. మా ఆయన ఒక్కడే ఫుట్‌బాల్ మనిషి. స్టాండులో తోటి డ్రైవర్లు ఆయన్ని "బంతి సాయిబు" అని ఏడిపించేవాళ్ళు. మాకు పెళ్ళైన కొత్తలో లోడు వేసుకుని కేరళ పోయి అక్కడ వానల్లో ఇరుక్కుపోయాడట. రోడ్డు తెగి లారీ కదలలేదు. ఒక టీకొట్టు సాయిబు ఆయనకు చోటిచ్చి, పూటపూటా చేపలకూరతో అన్నం పెట్టాడు. ఒకరి మాట ఒకరికి రాదు. చీకటి పడితే ఊరు ఊరంతా ఒక రేకుల షెడ్డులో చేరి టీవీలో ప్రపంచ కప్పు చూసేవాళ్ళట. సగం ఊరు పసుపు చొక్కాల వైపు, సగం ఊరు నీలం తెలుపు చారల చొక్కాల వైపు. వాగు ఒడ్డున ఆటగాళ్ళ బొమ్మలు నిలబెట్టారట, మన కోటప్పకొండ ప్రభలంత ఎత్తున, కరెంటు లైట్లతో సహా. టీకొట్టాయన చారల వైపు. అందుకని మా ఆయన కూడా చారల వైపు.

"అన్నం పెట్టినోడి పక్కన కూర్చోకుండా యాడ కూర్చుంటానే?" అనేవాడు.

అంతే కారణం. ఆ దేశం ఏ మూల ఉందో ఆయనకీ తెలియదు. 'మనోళ్ళు' అనేవాడు. ఆ దేశం పేరు నాకు ఇప్పటికీ నోరు తిరగదు, కాబట్టి నేనూ మనోళ్ళనే అంటాను.

తర్వాత వచ్చిన ప్రపంచ కప్పు నాటికి మేం టీవీ కొన్నాం. మనోళ్ళ ఆట మొదలైంది. ఇదేమిటో చూద్దామని నేను టీ గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి పోయి మంచం పక్కన నిలబడ్డాను. నిలబడ్డానో లేదో అవతలివాళ్ళు గోలు కొట్టారు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు పొయ్యి కాడికి పో" అన్నాడు. తిట్టినట్టు కాదు, మెల్లగానే అన్నాడు. నేను పోయాను. పోయి పొయ్యిలో కట్టె ఎగదోశానో లేదో ముందుగదిలో కేక. మనోళ్ళు కొట్టారు.

ఆ రోజుతో నా చోటు ఖాయమైపోయింది. మనోళ్ళ ఆట ఉందంటే నేను వంటింట్లో ఉండాలి. వంట అయిపోయినా ఉండాలి. జ్వరమొచ్చినా అక్కడే చాప వేసుకుని పడుకోవాలి. మా అమ్మాయి చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చుని చూసేది, దానికేం అభ్యంతరం లేదు. నాకే. "మీ అమ్మ కళ్ళు పడితే బంతి లోపలికి పోదు" అని దానికి చెప్పేవాడు. అది పెళ్ళై మాచర్ల పోయాక కూడా ఆట ఉన్న రోజు ఫోన్ చేసి, "అమ్మా, వంటింట్లోనే ఉన్నావా?" అని నవ్వేది.

నేను కోపం తెచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ ఆట నాకు బాగానే తెలిసింది, కాకపోతే చెవులతో. ఆయన గొంతు సవరించుకుంటే బంతి మనోళ్ళ కాళ్ళ దగ్గరుందన్నమాట. మంచం కిర్రుమంటే ముందుకు వంగాడు, అంటే గోలు దాకా పోయారు. తొడ మీద చరుచుకుంటే బంతి పక్క నుంచి పోయింది. "యా అల్లా" అని సాగదీసి అరిస్తే కొట్టారు. ఏ చప్పుడూ లేకపోతే అవతలివాళ్ళు కొట్టారు. ఆ నిశ్శబ్దంలో నేను చేతిలో గరిటె కూడా కదిలించేదాన్ని కాదు.

ఒకసారి మనోళ్ళు ఫైనల్ దాకా వచ్చారు. ఆ రాత్రి ఆయన కోసం నేను పొయ్యి వైపు తిరిగి గోడకేసి కూర్చున్నాను. ఎంతసేపటికీ ఎవరూ కొట్టలేదు. చివర్లో ముందుగది నిశ్శబ్దమైపోయింది, అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఆయనే వంటింట్లోకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు.

"నువ్వు తొంగి చూశావా?" అన్నాడు.

"లేదయ్యా. ఇక్కడి నుంచి లేవలేదు."

"పరదా కదిలింది."

"గాలికి కదిలుంటది. ఖురాన్ మీద ఒట్టు, నేను చూడలా."

ఆయన తెల్లారి లోడుకు పోయాడు. తిరిగొచ్చాక మామూలుగానే ఉన్నాడు. కానీ నమ్మలేదు. అది నాకు తెలుసు. ఆ మాట మళ్ళీ మా ఇద్దరి మధ్య రాలేదు, ఆయన నమ్మలేదన్నది మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టుకుని కూడా ఆయన మాట్లాడింది ఈ ఆట గురించే. "ఈసారి చలికాలంలో పెడతన్నారంట. అప్పటికి నాకు తగ్గిపోద్దిలే. ఈసారి మనోళ్ళే కొడతారు. నువ్వు మాత్రం..." అని నా వంక చూసి నవ్వబోయి దగ్గాడు. మిగతా మాట నేనే పూర్తి చేశాను. "వంటింట్లోనే ఉంటాలే" అన్నాను. ఆటలు మొదలయ్యేలోపే ఆయన పోయాడు.

దుప్పటి కింద టీవీ అలాగే ఉంది. ఆటలు మొదలైన సంగతి కూడా మాకు తెలియదు. ఒక సాయంత్రం ఆయనతో లారీ తోలిన డ్రైవరు భార్య పలకరించడానికి వచ్చింది. కాసేపు నా పక్కన కూర్చుని కళ్ళొత్తుకుని, లేచి పోతూ పోతూ అంది.

"అక్కా, మా ఆయన నీకు చెప్పమన్నాడు. అన్న జట్టు ఫైనల్‌కి వచ్చిందంట. ఆదివారం ఆటంట. అన్నుంటే స్టాండులో మమ్మల్ని బతకనిచ్చేవాడు కాదని మావోడు ఒకటే ఇదైపోతన్నాడు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన ఎన్నేళ్ళు ఎదురుచూశాడో నాకు తెలుసు. గెలిస్తే ఆయనకు తెలియాలి. ఎలా తెలుస్తుంది? తెల్లారాక వదినతో అన్నాను.

"వదినా, ఆదివారం టీవీ పెడదాం."

తస్బీ పూసలు తిప్పుతున్న చెయ్యి ఆగింది. "ఎవరన్నా వింటే మొహాన ఉమ్మేస్తారే. ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి బంతాట చూసిద్దా?"

"నేను చూడను. నేను వంటింట్లోనే ఉంటా. ఎప్పుడూ ఉండేదాన్నే గదా."

"మరి ఎవరు చూట్టానికే?"

నేను ఆయన మంచం వైపు చూశాను. ఆమె నా ముఖం చూసి గొంతు తగ్గించింది.

"వస్తాడంటావా?"

మావైపు చనిపోయినవాళ్ళు జుమేరాత్ సాయంత్రం ఇంటికొచ్చి గడప దగ్గర నిలబడతారంటారు. అందుకే గురువారం సాంబ్రాణి వేసి ఫాతిహా ఇస్తాం. మసీదులో హజరత్తు అలాంటివి నమ్మొద్దనే చెబుతాడు. ఆయన చెప్పినప్పుడు తల ఊపుతాం, గురువారం వస్తే సాంబ్రాణి వేస్తాం.

"ఇది ఆదివారం గదే" అంది వదిన.

"ఈ ఆటకి వారం చూసుకునే మనిషా ఆయన? ఇక్కడ టీవీ చీకటిగా ఉంటే స్టాండు కాడ టీకొట్టుకి పోతాడు. అక్కడ పెద్ద టీవీ ఉంది."

ఆ మాట ఆమెకు తగిలింది. తల్లి పోతే ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. "సొంత ఇల్లు పెట్టుకోని టీకొట్టు కాడ నిలబడతాడా నా తమ్ముడు?" అని లేచి దుప్పటి లాగేసింది.

టీవీ వచ్చింది గానీ బొమ్మ రాలేదు. ఆయన మంచాన పడ్డప్పటి నుంచీ రీచార్జి చేసినవాళ్ళు లేరు. కేబుల్ అబ్బాయిని పిలిపించి రీచార్జి డబ్బులు ఇచ్చాం. నేను పరాయి మగవాడి ముందుకు రాకూడదు, వదినకు రిమోటు పట్టుకోవడం తెలియదు. అందుకని ఆ అబ్బాయి వీధరుగు మీద, నేను తలుపుకు ఇవతల పరదా వెనక.

"పెద్దమ్మా, డబ్బా మీద లైటు ఏ రంగులో ఉంది?"

"ఎర్రగా ఉంది."

"వెనక వైరు పీకి మళ్ళీ పెట్టు."

పెట్టాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు పచ్చగా ఉంది."

"వచ్చేసింది. ఏ ఛానలు కావాలి, సీరియళ్ళా?"

"ఆటలది."

"ఇయ్యాల క్రికెట్ లేదు పెద్దమ్మా."

"క్రికెట్ ఎవడిక్కావాల్రా. ఫుట్‌బాల్ పెట్టు."

ఆ అబ్బాయి ఎన్నోసార్లు మా ఇంట్లో కూర్చుని ఆయన చేత క్రికెట్ మీద తిట్లు తిన్నవాడే.

"పెదనాన్న కోసమా?" అన్నాడు.

"ఊఁ."

"నొక్కాల్సిన నంబరు చెబుతా, నొక్కు" అని ఒక్కో అంకె చెప్పాడు. తప్పు నొక్కితే ఓపికగా మళ్ళీ చెప్పాడు. వెళ్ళేటప్పుడు, "నేనూ చూస్తాలే పెద్దమ్మా, ఈ ఒక్క ఆట" అన్నాడు.

ఆదివారం రాత్రి ఇషా నమాజు అయ్యాక ఆట మొదలైంది. నేను అన్నట్టే వంటింట్లోకి పోయాను. ముందుగదికీ వంటింటికీ మధ్య పరదా దించాను. టీవీ ఎదురుగా ఆయన మంచం. వదిన మంచం చివర ఒదిగి కూర్చుంది, మధ్యలో చోటు వదిలి. ఆ చోటు ఎవరికోసమో మేం పైకి అనుకోలేదు.

అప్పుడు తెలిసింది నాకు, నా చెవులు ఎందుకూ పనికిరావని. టీవీలో జనం హోరు, ఎవరో గబగబా హిందీలో మాట్లాడటం. మాది దూదేకుల ఇల్లు, మాకు ఇంట్లో తెలుగే, ఆ మాటల్లో ముక్క అర్థం కాదు. ఇన్నేళ్ళూ నేను విన్నది ఆట కాదు, ఆయన్ని. ఆయన లేకపోతే అది ఉత్త గోల. పొయ్యి వెలిగించి టీకి నీళ్ళు పెట్టాను. చేతులకు ఏదో ఒక పని కావాలి.

"ఏమవుతుంది వదినా?" అని కేకేశాను.

"అంతా పరిగెత్తతన్నారే. ఎందుకో తెలవదు."

"బంతి చారలోళ్ళ కాడ ఉందా?"

"ఉంది. పోయింది. మళ్ళీ ఉంది. అయ్యో, ఒకడు పడ్డాడే! కాలు పట్టుకోని పొర్లతన్నాడు. ఏ తల్లి కన్న బిడ్డో పాపం, ఎముక విరిగిందేమో..." ఒక్క క్షణం ఆగింది. "లేచాడే! దొంగ సచ్చినోడు, లేచి పరిగెత్తతన్నాడు. ఊరికే ఏడిచాడే!"

నాకు నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి నవ్వడం. నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

కాసేపటికి ఒక్కడే నిలబడి బంతి తన్నాడంది, వలలో పడిందంది. ఎవరు కొట్టారని అడిగాను. "చారలోడే" అంది. తర్వాత ఇంకోటి కూడా చారలోళ్ళే కొట్టారు. రెండోసారి ఆమె నేను అడిగేదాకా ఆగలేదు. "యా అల్లా!" అని సాగదీసి అరిచింది. తొడ మీద చరుచుకున్న చప్పుడు వినబడింది. తర్వాత దగ్గు.

అరిచింది వదినే. దగ్గింది వదినే. నాకు తెలుసు. తెలిసినా నా చెయ్యి రెండో గ్లాసు తీసింది, అందులో ఆయనకు వేసినట్టే చక్కెర ఎక్కువ వేసింది. వేసిన తర్వాత చూసుకున్నాను. పారబోయలేదు. పొయ్యి పక్కన పెట్టి దానివంక చూడకుండా కూర్చున్నాను.

ఆట అయిపోవచ్చింది, ఇంక కప్పు మనదే అని వదిన అంటుండగానే ముందుగదిలో చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు.

"వదినా?"

"ఏం లేదులే."

మళ్ళీ అంతలోనే, ఒక మాట నోట్లోంచి ఊడిపడేంతలో, మళ్ళీ నిశ్శబ్దం.

"వదినా, ఏమైంది?"

"ఇది కూడా ఏం లేదులే." తర్వాత ఆమె గొంతు మారింది. పరదా వైపు తిరిగి అంది, "ఏమే, నువ్వు తొంగి చూశావా?"

అదే మాట, అదే విరుపు. వదినకు ఆ పాత గొడవ తెలియదు. ఆయన ఆమెకు చెప్పే మనిషి కాదు, నేనూ చెప్పలేదు. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? గోడకేసి తిరిగి, "లేదు వదినా" అన్నాను. "ఇక్కడి నుంచి లేవలా."

ఆట సమమైంది, అదనంగా ఆడించారు. మనోళ్ళు ఒకటి కొట్టారు, అవతలివాళ్ళు మళ్ళీ సమం చేశారు. ఆ సమయమంతా నేను కలిమా చదువుకుంటూనే ఉన్నాను. నా భయం ఒక్కటే. ఈ ఫైనల్ కూడా పోతే, ఆయన ఎక్కడున్నా నేనే తొంగి చూశానని అనుకుంటాడు. బతికున్న మనిషికైతే ఒట్టేసి చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

వదిన పరదా తోసుకుని వంటింట్లోకి వచ్చేసింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"నా వల్ల కాదే. ఇప్పుడు ఒక్కొక్కడే వచ్చి తన్నుతాడంట. ఒక్కడే అడ్డం నిలబడతాడంట. వాళ్ళమ్మలు ఎట్టా చూస్తన్నారే తల్లీ!"

పెరటి తలుపు తీసుకుని బయటికి పోయింది. బట్టలుతికే బండ మీద కూర్చుని తల వంచుకుని తస్బీ తిప్పడం మొదలుపెట్టింది. వంటింటి లైటు వెలుగులో ఆమె వీపు నాకు కనబడుతూనే ఉంది.

ముందుగదిలో టీవీ మాత్రం నడుస్తుంది. హోరు లేస్తుంది, ఆగుతుంది. లేస్తుంది, ఆగుతుంది. చూసేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడు దగ్గు వినబడింది.

నేను ముందు పెరట్లోకి చూశాను. వదిన అలాగే తల వంచుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి, భుజాలు కదల్లేదు. దగ్గు అటు నుంచి రాలేదు. పరదా అవతల నుంచి వచ్చింది. పొట్టిగా, రెండుసార్లు. నీళ్ళకు దగ్గే దగ్గు కాదు, అన్నానికి దగ్గేది కాదు. వచ్చి పక్కన కూర్చోమని దగ్గే దగ్గు. ఆట ఉన్న రోజు ఆయన ఆ దగ్గు ఎన్నడూ దగ్గలేదు.

టీవీలో ఎవరైనా దగ్గారేమో. పక్కింట్లోంచి వినబడిందేమో. ఇప్పుడు ఇలా అంటున్నాను, ఆ క్షణాన అవేవీ అనుకోలేదు. పిలిస్తే పోవడమే నాకు అలవాటు. పరదా తీసుకుని పోయాను.

మంచం మీద ఎవరూ లేరు. వదిన కూర్చున్న చోట దుప్పటి నలిగి ఉంది. మధ్యలో వదిలిన చోటు వదిలినట్టే ఉంది. టీవీలో చారల చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి ఒంటరిగా నడిచిపోతున్నాడు. వెనక్కి పోదామనుకున్నాను. పోలేదు. ఆ అబ్బాయి బంతిని పెట్టి, వెనక్కి నడిచి, ముందుకు పరిగెత్తి తన్నాడు. బంతి ఎటు పోయిందో నాకు సరిగా కనబడలేదు. కనబడిందల్లా ఆ అబ్బాయి చొక్కాతో మొహం దాచుకుని ఏడవడం. మిగతా చారలవాళ్ళు కూడా గడ్డి మీద పడి, మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తున్నారు. మగవాళ్ళు అంతమంది ఒక్కసారి ఏడవడం నేను చూడలేదు.

మా ఆయన ఏడ్చింది ఓడిపోయిన రాత్రే. నాకు తెలిసిన లెక్క అదే. ఓడిపోయారనుకున్నాను. నేను వచ్చి చూశాను, ఓడిపోయారు.

"నేను రాలేదయ్యా" అన్నాను మంచం వైపు తిరిగి. "నువ్వు పిలిస్తేనే వచ్చాను. నేను రాలేదు. నువ్వే పిలిచావు."

అంతలో వీధిలోంచి ఒక కేక. తలుపులన్నీ మూసుకుని పడుకున్న సందులో ఒకే ఒక్క గొంతు.

"పెద్దమ్మా! కొట్టారు! పెదనాన్న జట్టు కొట్టింది!"

కేబుల్ అబ్బాయి. ఎదురింట్లోంచి ఎవరో, "ఎవడ్రా అది, తాగొచ్చావా?" అని గద్దించారు. "క్రికెట్ లేదుగదరా ఇయ్యాల!" అని ఇంకెవరో అన్నారు. ఆ అబ్బాయి నవ్వుకుంటూ పోవడం వినబడింది.

నేను టీవీ వైపు చూశాను. ఏడుస్తున్నవాళ్ళు ఒకరినొకరు ఎత్తుకుంటున్నారు. గెలిచి కూడా ఏడుస్తారని నాకెవరు చెప్పారు? గెలిచిన ఫైనల్ మా ఇంట్లో ఎప్పుడుంది?

మంచం మీద కూర్చున్నాను, ఆ వదిలిన చోట్లోనే. కూర్చోగానే కోపం వచ్చింది. అంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆయన బతికుండగా ఒక్క మాట ఎదురు చెప్పని దాన్ని, ఖాళీ గదిలో నోరు తెరిచాను.

"చూశావా? నా కళ్ళ ముందే కొట్టారు. నేను చూస్తుండగానే కొట్టారు. నా కళ్ళు పడితే లోపలికి పోదన్నావే, పోయింది చూశావా? జ్వరంలో కూడా ఆ పొగలో పడుకోబెట్టావు. ఖురాన్ మీద ఒట్టేసినా నమ్మలేదు. నేను నీ పక్కన కూర్చుంటే ఏం పోయేదయ్యా? ఇన్నేళ్ళూ ఈ మంచం మీద నాకింత చోటివ్వడానికి ఏం పోయేది నీకు?"

ఇంకా చాలా అన్నాను. అన్నీ ఇక్కడ చెప్పను, అవి మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు. గొంతు పోయేదాకా తిట్టాను. అప్పటి నుంచే నా గొంతు ఇలా బొంగురుపోయింది, మళ్ళీ సరి కాలేదు.

వదిన ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. తస్బీ చేతికి చుట్టుకుని ఉంది.

"ఎవరితోనే?" అంది.

"మీ తమ్ముడితో."

ఆమె మంచం వంక చూసింది, నేను కూర్చున్న చోటు వంక చూసింది. నువ్వు చూడొచ్చా, కూర్చోవచ్చా అని అడగలేదు.

"గెలిచారా?"

"గెలిచారు."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఎవరు తిట్టినా ఎన్నడు నోరు మెదిపాడు?"

"చిన్నప్పుడూ అంతేనే. నేను బెత్తంతో కొట్టినా గుడ్లప్పగించి చూసేవాడేగాని..." అంటూ వచ్చి నా పక్కన కూలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. టీవీలో కప్పు ఇస్తున్నారు, ఒకడికి నల్లటి పై చొక్కా తొడిగి చేతికి ఇచ్చారు. అతను దాన్ని పసిబిడ్డను చూసినట్టు చూస్తున్నాడు. మేమిద్దరం చివరిదాకా చూశాం. టపాకాయలు పేలి, కాగితం ముక్కలు రాలి, ఆ పిల్లలందరూ పాటలు పాడుకుంటూ బస్సెక్కేదాకా చూశాం.

ఆ రాత్రి ముందుగదిలో ఇద్దరం ఒకే మంచం మీద పడుకున్నాం. నేను మేలుకునే ఉన్నాను. వదిన రెండు మూడుసార్లు దగ్గింది, ఆమే దగ్గింది, పక్కనే ఉన్నాను కాబట్టి తెలుసు. మరో దగ్గు రాలేదు. మర్నాడు రాలేదు. జుమేరాత్ నాడు సాంబ్రాణి వేశాను, రాలేదు. ఇద్దత్ అయిపోయి వదిన తన ఊరెళ్ళిపోయాక ఇల్లంతా చీమ చిటుక్కుమన్నా వినబడేలా అయింది, అయినా రాలేదు.

అలిగాడని వదిన అంటుంది. "అన్ని తిట్లు తిట్టినాక ఏ మొగుడొస్తాడే?" అని ఫోన్లో నవ్వుతుంది, నవ్వి మళ్ళీ, "ఏమన్నా వినబడిందా?" అని అడుగుతుంది. కావలసింది చూశాడు, వెళ్ళిపోయాడు అంటుంది మా అమ్మాయి. నాకు ఏదీ తేలదు. ఆ రాత్రి ముందుగదిలో దగ్గి నన్ను పక్కకు పిలిచింది నువ్వేనా అని ఒక్క ముక్క అడిగి ఉండాల్సింది. నోరు తెరిచిన ఆ ఒక్క రాత్రీ తిట్టడానికే సరిపోయింది.